పసివారి మధుమేహము – ఆసుపత్రి పద్దులు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)

  

మన గ్రంథాలయమునకు ఇరువదియైదు వత్సరములు నిండిన యీ శుభసమయమున నన్నును నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు ఆజ్ఞాపించిరి. సాహిత్యమును గూర్చి పండితులును, విద్యను గూర్చి ఉపాధ్యాయులును ప్రసంగించి యున్నారు. లెక్కలు వ్రాయువాడు లెక్కను గూర్చి మాటలాడుటయే యుక్తమని తలంచి, పసిపిల్లలకు వచ్చు మధుమేహమును ఆసుపత్రి పద్దుల సాయముతో లెక్కించుట ఎట్లు అను విషయమును ఎన్నుకొంటిని. వ్యాధిని గూర్చి చెప్పవలసినవారు వైద్యులు. కాని ఒక దేశములో, ఒక జిల్లాలో ఆ వ్యాధి ఎందఱు పిల్లలకు ఉన్నదో తేల్చుట లెక్కల పని. ఆ లెక్క తప్పినచోట ప్రాణములు పోవుచున్నవి.

మొదట వ్యాధిని గుఱించి కొంచెము. మన ఊళ్లలో షుగరు అనగానే నడివయస్సు దాటినవారి జబ్బు అని తలంతుము. పిల్లలకు వచ్చునది వేఱు జాతి. ఈ భేదమును మన ప్రాచీనులు గుర్తింపకపోలేదు. సుశ్రుతుడు ప్రమేహమును రెండు విధములుగా విభజించెను. పుట్టుకతో వచ్చు సహజము ఒకటి. అపథ్యము వలన కలుగునది రెండవది. మొదటి రకపు రోగి కృశించి, దప్పికతో బాధపడుననియు, రెండవ రకపు రోగి స్థూలకాయుడై యుండుననియు ఆయన వివరించెను. నేటి వైద్యులు చెప్పు మొదటి రకము, రెండవ రకము అను విభాగమునకు ఇది మిక్కిలి దగ్గఱగా నున్నది. అయితే నేటి శాస్త్రము కారణమును కూడ కనుగొన్నది. మొదటి రకములో శరీరమును కాపాడవలసిన రక్షణశక్తియే పొరబడి, క్లోమగ్రంథిలో ఇన్సులిను తయారుచేయు కణములను నాశనము చేయును. తల్లిదండ్రులు పెట్టిన తీపి వలన గాని, ఎవరి దృష్టి తగులుట వలన గాని వచ్చునది కాదు.

1922వ సంవత్సరము జనవరి 11వ తేదీన కెనడా దేశపు టొరాంటో నగరములో లియోనార్డ్ థాంప్సన్ అను పదునాలుగేండ్ల బాలునకు మొదటిసారి ఇన్సులిను ఎక్కించిరి. ఆ మందు శుద్ధము కానందున ఫలము అంతగా కనబడలేదు. అదే నెల 23వ తేదీన శుద్ధిచేసిన మందు నిచ్చినపుడు బాలుడు కోలుకొనెను. అంతకు పూర్వము ఈ వ్యాధి సోకిన పిల్లలు కొలదికాలములోనే మరణించెడివారు. నేడును ఇన్సులిను అందని పిల్లవానికి అదే గతి. కనుక నేడు జీవించి యున్న ప్రతి మధుమేహ బాలుడును ఎచ్చటనో ఒకచోట ఇన్సులిను పొందుచున్నవాడే. ఇన్సులిను ఇచ్చినచోట ఒక పద్దు పడును. ఆసుపత్రి చిట్టాలను పట్టుకొని ఈ వ్యాధిని లెక్కింపవచ్చునను ఆలోచనకు మూలము ఇదియే. పెద్దల షుగరు ఏండ్ల తరబడి తెలియకుండ దాగి యుండవచ్చును. పిల్లల మధుమేహము దాగియుండదు. ఆసుపత్రికైనను చేర్చును, శ్మశానమునకైనను చేర్చును.

ఇక లెక్క యెట్లు? మన వ్యవహారములో చిట్టా వేఱు, ఆవర్జా వేఱు. చిట్టాలో ఏనాటి వ్యవహారము ఆనాడు వరుసగా వ్రాయుదుము. ఆవర్జాలో ఒక్కొక్క మనుష్యునకు ఒక్కొక్క పుట నిచ్చి, చిట్టాలో చెల్లాచెదరుగా నున్న అతని పద్దులన్నియు ఆ పుటకు చేర్చుదుము. చిట్టా ఎంత లావుగా నున్నను ఒక ఆసామి బాకీ యెంతయో వెంటనే చెప్పలేదు, ఆవర్జా చెప్పును. ఆసుపత్రిలోని రోజువారీ రిజిస్టరు చిట్టా వంటిది. ఒకే పిల్లవాడు ఏడాదిలో పదిమారులు వచ్చిన పది పద్దులు పడును. వాటిని పదిమంది పిల్లలుగా లెక్కించుట తప్పు. ఆ పది పద్దులను ఒక్క పేరు క్రిందకు చేర్చి వ్రాసిన పుస్తకమునే వైద్యులు వ్యాధి రిజిస్ట్రీ అందురు. అది రోగుల ఆవర్జా.

ఆవర్జా వ్రాసినంతమాత్రమున లెక్క పూర్తికాదు. రెండు సంగతులు వేఱుపఱుపవలెను. ఈ యేడు క్రొత్తగా వ్యాధి వచ్చినవారెందఱు? ఇప్పటికి వ్యాధితో జీవించుచున్నవారెందఱు? మొదటిది క్రొత్త జమ, రెండవది నిలువ. పాత నిలువకు క్రొత్త జమ కలిపి, మరణించినవారిని, ఊరు విడిచినవారిని తీసివేసిన ముగింపు నిలువ వచ్చును. జమ యెక్కువగా నుండియు నిలువ పెరుగనిచో పిల్లలు ఎక్కడికి పోవుచున్నారని అడుగవలెను. ఈ ఒక్క ప్రశ్నకే రిజిస్ట్రీ పెట్టిన ఖర్చంతయు చెల్లును.

మఱియు ఎందఱిలో ఎందఱు అనునది తెలియవలెను. హైదరాబాదులోని పెద్ద ఆసుపత్రికి అన్ని జిల్లాలనుండియు పిల్లలు వచ్చుదురు. అచ్చట నూఱుమంది ఉన్నారన్న మాట వలన మెదకు జిల్లాలో వ్యాధి యెంతయో తెలియదు. పిల్లవాని స్వగ్రామము వ్రాసి, ఆ గ్రామములున్న ప్రాంతపు పిల్లల జనసంఖ్యతో భాగించినపుడే లెక్కకు అర్థము కలుగును. అందుచేతనే ఈ వ్యాధిని లక్షమంది పిల్లలకు ఏటా ఇంతమంది అని చెప్పుట ఆచారము.

లోకములో ఈ లెక్క బాగుగా సాగిన దేశము ఫిన్లాండు. 2005, 2006 సంవత్సరముల ప్రాంతమున అచ్చట లక్షమంది పిల్లలకు ఏటా క్రొత్తగా 60 మందికి పైగా ఈ వ్యాధి పాలగుచుండిరి. ప్రపంచములో అదియే అత్యధికము. దశాబ్దముల తరబడి విడువక లెక్క వ్రాసినందుననే వ్యాధి పెరుగుచున్నదని వారు కనిపెట్టగలిగిరి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో ప్రారంభించిన డయామండ్ పథకము అనేక దేశముల రిజిస్ట్రీలను ఒకే పద్ధతికి తెచ్చెను.

మన పొరుగున మదరాసు నగరములో 1990ల ఆదిని ఒక రిజిస్ట్రీ నడచెను. 1996లో ప్రకటించిన లెక్క ప్రకారము అచ్చట లక్షమంది పిల్లలకు ఏటా 10.5 మందికి ఈ వ్యాధి వచ్చుచుండెను. కర్ణాటకములో పదుమూడేండ్లు నడచిన రిజిస్ట్రీ బాలురలో 3.7, బాలికలలో 4.0 అని తేల్చెను. 2006లో భారత వైద్య పరిశోధన మండలి పిన్నవయస్సులో మధుమేహము వచ్చినవారికై దేశవ్యాప్తమైన రిజిస్ట్రీని నెలకొల్పెను. దాని మొదటి దశలో 2011 జూలై నాటికి 5,546 మంది పేర్లు నమోదైనవి. వారిలో 63.9 శాతము మొదటి రకమువారు, 25.3 శాతము రెండవ రకమువారు. ఇరువదియైదేండ్లు నిండకమునుపే నాలుగింట ఒక వంతు మందికి పెద్దల జబ్బు వచ్చియున్నదనుట మన ఆహారవిహారములను గూర్చి ఆలోచింపదగిన సంగతి. 2021లో అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య ప్రకటించిన అంచనా ననుసరించి, ఇరువది యేండ్లలోపు వయస్సున మొదటి రకపు మధుమేహముతో జీవించుచున్నవారు భారతదేశమున సుమారు 2,29,000 మంది. ఏ దేశమునను ఇంతమంది లేరు. కాని కొలది రిజిస్ట్రీలను ఆధారముగా గొని దేశమంతటికి వేసిన అంచనా యిది. తల తల లెక్కించినది కాదు.

ఇప్పుడు మన గ్రామీణులకు ముఖ్యమైన అంకెను వినుడు. హర్యానాలోని కర్నాల్ జిల్లాలో వైద్యులు మొదటి రకపు మధుమేహ రోగుల నిలువను లెక్కించి 2010లో ప్రకటించిరి. జిల్లా మొత్తమున లక్ష జనమునకు 10.2 మంది రోగులు. అదే పట్టణములలో 26.6; పల్లెలలో 4.27 మాత్రమే. పల్లెకంటె పట్టణమున ఆఱు రెట్లు! ఈ మాట విని పల్లెవాడు సంతోషింపవలెనా?

గాలి, నీరు, ఆహారము వేఱైనందున వ్యాధిలో కొంత భేదము ఉండవచ్చును. కాని యీ అంకెను చూచిన లెక్కలవానికి వేఱు సందేహములు కలుగును. పల్లెలోని పిల్లవాడు వ్యాధి తెలియకముందే మరణించెనా? చికిత్సకై కుటుంబము పట్టణమునకు తరలి, అచ్చటి చిరునామా వ్రాయించినదా? పొరుగు జిల్లా ఆసుపత్రికి పోయినందున ఈ జిల్లా పుస్తకమున పేరు పడలేదా? నిలువ తక్కువగా నున్నది కనుక జమ తక్కువ అనుట లెక్కల శాస్త్రమునకు విరుద్ధము. ఖర్చు ఎక్కువైనను నిలువ తగ్గును గదా! ఇచ్చట ఖర్చనగా పసిప్రాణము.

లెక్కింపనందున లేరని భ్రమించుట మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. తెలంగాణమున కవులు శూన్యమని ఒకప్పుడు వ్రాసినవారున్నారు. అందుకు సమాధానముగా సురవరము ప్రతాపరెడ్డిగారు వాదము పెంచక, ఊరూరనుండి వివరములు తెప్పించి, 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ను ప్రకటించిరి. అందు 354 మంది కవులు లెక్కకు వచ్చిరి. వారు 1934లో పుట్టినవారు కారు, అంతకుముందును ఉన్నవారే. పుస్తకమునకు ఎక్కినది మాత్రమే అప్పుడు. 1930లో జోగిపేటలో ప్రథమ నిజాం ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించినదియు ఆ మహనీయుడే. ఆయన కవులకు చేసిన పనిని నేడు మనము మధుమేహ బాలలకు చేయవలసి యున్నది.

అయితే ఏ పుస్తకములోను లేనివారిని లెక్కించుట యెట్లు? దీనికొక చక్కని ఉపాయము కలదు. చెఱువులోని చేపలను, అడవిలోని మృగములను లెక్కించుటకు పుట్టిన పద్ధతి యిది. రిజిస్ట్రీలవారు దీనిని స్వీకరించిరి. ఒక కల్పిత ఉదాహరణము చెప్పెదను. ఒక ప్రాంతపు ఆసుపత్రుల పట్టికలో 50 మంది మధుమేహ బాలలున్నారు. పాఠశాలల ద్వారా వేఱుగా సేకరించిన పట్టికలో 30 మంది యున్నారు. రెండు పట్టికలలోను ఉన్నవారు 15 మంది. అనగా పాఠశాలల పట్టికలోని ముప్పదిమందిలో సగముమందిని మాత్రమే ఆసుపత్రి పట్టిక పట్టుకొన్నది. ఆసుపత్రి పట్టికకు సగమే చిక్కుననినచో, దానిలోని 50 మంది మొత్తములో సగము. మొత్తము 100 మంది. రెండు పట్టికలు కలిపిన మనకు పేర్లు తెలిసినవారు 65 మందియే. తక్కిన 35 మంది ఏ పట్టికయందును లేరు. అయినను ఉన్నారని లెక్క చెప్పుచున్నది.

మహాభారతమున ఋతుపర్ణుడు రథమునందుండియే తాండ్రచెట్టు ఆకులను, కాయలను లెక్కించి చెప్పెను. నలుడు ఊరకే నమ్మలేదు. రథము నాపి, చెట్టు కూల్చి, ఎంచి చూచి, రాజు చెప్పినది నిజమని తెలిసికొనెను. అంచనా వేయు విద్యయు, సరిచూచు శ్రద్ధయు రెండును ఆ కథలో నున్నవి. పైన చెప్పిన పద్ధతికిని సరిచూచుట అవసరము. రెండు పట్టికలు ఒకదానిపై నొకటి ఆధారపడకుండ తయారుకావలెను. ఆసుపత్రికి పోగలిగినవారే బడికిని పోగలిగినవారైనచో, రెండు పట్టికలును ఒకే పిల్లలను చూపును. అసలు సంఖ్య అంచనాకంటె పెద్దదై యుండును. ఇక వ్యాధి పేరు తెలియకమునుపే మరణించిన పిల్లలు రెంటియందును ఉండరు. వారి కొఱకు మరణముల రిజిస్టరు చూడవలెను. ఇంటివారిని అడిగి, మరణమునకు ముందున్న లక్షణములను బట్టి కారణము నిర్ణయించు పద్ధతి మన దేశమున పది లక్షల మరణముల అధ్యయనములో వాడబడినది. అది జరుగనిచోట ఆ శిశువు పేరు చిత్రగుప్తుని పుస్తకమున తప్ప మఱెచ్చటను ఉండదు.

పద్దులలోని దోషములను గూర్చి కూడ చెప్పవలెను. ఒకే బాలుని పేరు ఒకచోట ఇంటిపేరుతో, మఱియొకచోట ఇంటిపేరు లేక, వేఱొకచోట ఆంగ్లాక్షరములలో వేఱువిధముగా వ్రాయబడును. ఒక్కడు ముగ్గురగును. వయస్సు ఉజ్జాయింపుగా వేయుదురు. చిరునామా మెదకు అని మాత్రము వ్రాసి ఊరుకొందురు. 2016 అక్టోబరు 11న మన పాత జిల్లా మెదకు, సంగారెడ్డి, సిద్దిపేట అని మూడు జిల్లాలైనది. అంతకుముందు పద్దులోని మెదకు ఏ మెదకు? గ్రామము పేరు లేనిచో పాత రోగులను క్రొత్త జనసంఖ్యతో భాగించి లెక్కను చెడగొట్టుదుము. భూమి విషయమున సర్వే నంబరు తప్పిన ఎంత రగడయో మన కందఱకు తెలియును. పిల్లవాని గ్రామము తప్పిన అడుగువాడు లేడు.

వ్యాధి రకము వ్రాయుటలోను పొరపాట్లు కలవు. కంప్యూటరులో పద్దులు వ్రాయు ఆసుపత్రులలో అంతర్జాతీయ వ్యాధి వర్గీకరణము పదవ కూర్పు ననుసరించి మొదటి రకమునకు ఇ 10, రెండవ రకమునకు ఇ 11 అని గుర్తులు. ఒక్క అంకె మారిన వ్యాధియే మారిపోవును. కనుక గుర్తును మాత్రము నమ్మక, పిల్లవాని వయస్సు, మొదటినుండి ఇన్సులిను వాడుచున్నాడా లేదా, రక్తపరీక్ష యేమి చెప్పుచున్నది అను సంగతులను కలిపి నిర్ణయింపవలెను. ఒక్క రసీదు చూచి ఖాతా ముగింపము గదా!

ఒక్క మండలము తనంత తాను ఈ లెక్క తేల్చుకొనజాలదు. ఒక మండలమున పదునైదేండ్లలోపు పిల్లలు పదివేలమంది యనుకొందము. కర్ణాటకపు లెక్క ప్రకారము అయిదేండ్లలో ఇద్దఱు క్రొత్త రోగులు వత్తురు. మదరాసు లెక్క ప్రకారము అయిదుగురు వత్తురు. ఇంత చిన్న సంఖ్యలతో ఏది నిజమో తెలియదు. జిల్లాలను కలిపినపుడే తెలియును. దీనియందే మఱియొక ప్రమాదము కలదు. ఏండ్లకొక్కడు వచ్చు రోగిని గుర్తించు అలవాటు పల్లెవైద్యునకు తప్పిపోవును. వాంతులు, కడుపునొప్పి, ఆయాసము చూచి విషజ్వరమనియో, ఊపిరితిత్తుల జబ్బనియో తలంచుట జరుగును. ప్రభుత్వము ఇంటింట చేయు మధుమేహ పరీక్షలు ముప్పదియేండ్లు దాటినవారికి ఉద్దేశింపబడినవి. ఆ వలలో పసివాడు పడడు.

కావున మనము చేయదగినది నాలుగు మాటలలో చెప్పెదను. మొదటిది, లక్షణములు తెలిసికొనుట. పిల్లవాడు మాటిమాటికి నీరు త్రాగుచు, మాటిమాటికి మూత్రమునకు పోవుచు, మానిన పక్కతడుపుట మరల మొదలుపెట్టి, తినుచున్నను చిక్కిపోవుచున్నచో ఒక్కదినమైనను ఆలస్యము చేయరాదు. మూత్రము పోసినచోట చీమలు పట్టుట మన పెద్దలెఱిగిన గుర్తు; కాని దానికై కనిపెట్టుకొని కూర్చుండరాదు. వ్రేలినుండి ఒక్క రక్తపుచుక్క తీసి చూచిన నిమిషములో తెలియును. ఈ లక్షణములతోపాటు ఏ వేళనైనను డెసిలీటరు రక్తములో చక్కెర 200 మిల్లీగ్రాములు గాని అంతకుమించి గాని యున్నచో అది మధుమేహమే. ఊపిరిలో మాగిన పండ్ల వాసన, ఆయాసము, మగత కనబడినచో అప్పటికే ప్రాణాపాయము వచ్చినదన్నమాట. అప్పుడు తిన్నగా పెద్ద ఆసుపత్రికే పోవలెను.

రెండవది, కాగితములు భద్రపఱచుట. ఆసుపత్రి చీటీని పట్టాపుస్తకమువలె దాచుడు. ఎచ్చటికి పోయినను ఒకే పేరు, సరియైన పుట్టినతేదీ, గ్రామము, మండలము చెప్పి వ్రాయించుడు. మూడవది, దురదృష్టవశమున ఇంట శిశుమరణము కలిగినచో పంచాయతీలో నమోదు చేయించి, కడపటి దినముల లక్షణములు దాచక చెప్పుడు. ఆ మాట మఱియొక తల్లి బిడ్డను రక్షింపవచ్చును.

నాలుగవది, గోప్యము. లెక్క వేఱు, రచ్చ వేఱు. మధుమేహమున్న ఆడపిల్లకు పెండ్లి కాదను భయముతో తల్లిదండ్రులు వ్యాధిని దాచుట కలదు. వారి భయమునకు కారణము మనమే. రిజిస్ట్రీ పుస్తకములోని పేరు వైద్యుని దాటి పోరాదు. బయటకు పోవలసినది సంఖ్య మాత్రమే. గ్రంథాలయముననో బడిలోనో పేర్ల జాబితా అంటించు ఆలోచన ఎవరికిని రాకూడదు. మన గ్రంథాలయము చేయదగినది వేఱొకటి కలదు. వ్యాధి లక్షణములను పెద్ద అక్షరములతో వ్రాసి గోడకు తగిలింపవలెను. దినపత్రికకై వచ్చినవాడు దానిని చదువును. చదువురానివానికి చదివి వినిపించును.

ఇంత శ్రమ యెందులకని అడుగువారుందురు. సర్కారు మందులు లెక్కను బట్టి వచ్చును. జిల్లాకు ఎంత ఇన్సులిను కావలెనో, ఎన్ని సూదులు, ఎన్ని పరీక్షపట్టీలు కావలెనో, ఏ ఆరోగ్యకేంద్రమున చల్లపెట్టె అవసరమో తెలుపునది ఈ ఆవర్జాయే. లెక్కలో లేని పిల్లవానికై ఎవరును మందు తెప్పింపరు. ఇన్సులిను దినదినము కావలసిన మందు. ఒక పూట తప్పినను ప్రమాదమే. అది నిత్యము అందినచో ఆ బాలుడు చదువుకొనును, పొలము దున్నును, పెండ్లియాడును, మనుమలను ఎత్తుకొనును. పెన్ను పట్టిన చేయి ఒక పద్దు సరిగా వ్రాసిన నిండు ఆయుష్షు నిలుచుట ఈ వ్యవహారములో సంభవము.

మన పూర్వులు గింజగింజకు లెక్క వ్రాసిరి. 1954–55 నాటి ఖాస్రా పహాణీని నేటికిని వెదకి, ఫలాని చెలక ఎవరిదని చూచుచున్నాము. కుంట భూమికి ఇచ్చిన గౌరవము పసిప్రాణమునకు ఇయ్యలేమా? పుస్తకములను ఆదరించు ఈ సభవారు ఆసుపత్రిలోని ఆ సామాన్యమైన పుస్తకమును కూడ ఆదరింతురు గాక యని కోరుచున్నాను.